"ఎక్కడికైనా వెళ్తుంది" అన్న రోవర్ కిట్‌ని మన వైజాగ్ నేల మీద వదిలితే

ముందే చెప్పేస్తున్నా, కెమెరాతో దారి చూసుకుంటూ తనంతట తానే నడిచే ఈ చిన్న రోబో బండికి ఐదుకి మూడు స్టార్లు, ఆ మూడూ కెమెరాకే. కంపెనీ పేరు రాయను. నేను తిట్టబోయేదాంట్లో సగం ఈ రేటులో ఎవరు అమ్మినా వచ్చే తలనొప్పే, ఒక్కళ్ళ నెత్తిన రుద్దడం న్యాయం కాదు, మిగతా సగం గురించి వాళ్ళకే మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. డబ్బా మీద మాత్రం పెద్దక్షరాలతో ఆల్ టెర్రైన్, అంటే ఎలాంటి నేలైనా సరే అని ఉంటుంది, కింద ఎడారి ఫొటో, వెనకాల మంచుకొండలు. ఎడారీ మంచూ మనకెందుకు గానీ మన దగ్గర ఉన్నవి ఇసక, ఎర్రమట్టి, గడ్డి, గెడ్డలు, జీడాకులు. వీటి మీద మూడు నెలలు తిప్పాను, అది రాస్తున్నా.

ఎందుకు కొన్నానంటే, ఆనందపురం నుంచి భీమిలి వెళ్ళే దారిలో కొంచెం లోపలికి మా బాబాయికి జీడితోట ఉంది. సీజన్లో పిక్కలు ఏరి బుట్టలు మోసేవాళ్ళు దొరకట్లేదని రెండేళ్ళుగా ఒకటే గోల. నేను గాజువాకలో మోటార్లు, డ్రైవ్‌ల పని చేస్తాను, తమ్ముడు సాఫ్ట్‌వేర్, ఇంటినుంచే పని. మనిషి వెనకాలే బుట్ట మోసుకుంటూ వచ్చే బండి ఒకటి తయారుచేద్దాం, దానికంటే ముందు చిన్నది కొని అసలు ఆ తోటలో కెమెరాని నమ్ముకుని నడవొచ్చో లేదో చూద్దాం అనుకుని ఇద్దరం చెరిసగం వేసుకున్నాం. కొరియర్‌తో సహా 68 వేలు. అక్టోబరులో వచ్చింది, వచ్చిన వారానికే వానలు, ఆ సంగతి తర్వాత చెప్తా.

డబ్బాలో ఉన్నవి: నాలుగు చక్రాలు, ఒక్కోదానికి ఒక మోటారు, చక్రం 16 సెంటీమీటర్లు, బండి పొట్టకీ నేలకీ మధ్య 7 సెంటీమీటర్ల ఖాళీ, ముందు దూరం కొలిచే రెండు కళ్ళ డెప్త్ కెమెరా, దాంట్లోనే ఒక మామూలు కలర్ కెమెరా, కుదుపులు కొలిచే ఐఎంయూ, జెట్సన్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, బ్యాటరీ. బిగించడం గంటన్నర పని. స్క్రూలు సరిగ్గా లెక్కపెట్టి పంపారు, ఆ మాట ఒప్పుకోవాలి. చక్రాలు గట్టివి, మోటార్లలో దమ్ముంది, మా మేడ మెట్టు ఒకటి ఎక్కేసింది కూడా. అంటే కాళ్ళు బాగానే ఉన్నాయి. పేచీ అంతా కళ్ళతోనే, కళ్ళు చూసినదాన్ని అర్థం చేసుకునే బుర్రతోనే.

మొదటి రెండు రోజులు ఎంవీపీ కాలనీలో మా వీధిలోనే తిప్పాం. సిమెంటు రోడ్డు, స్పీడు బ్రేకరు, ఇళ్ళ ముందు ర్యాంపులు, అన్నీ బాగా చూసింది, పక్కింటి కుక్కని చూసి ఆగింది, కుక్క దీన్ని చూసి పారిపోయింది. వీధిలో పిల్లలందరూ వెనకాలే ఊరేగింపు. అప్పుడు రివ్యూ రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని, చాలా రివ్యూలు ఆ రెండోరోజే రాసేస్తారేమో అని నా అనుమానం.

మూడో రోజు తోటకి తీసుకెళ్ళాం. గేటు దాటాక పది మీటర్లకి మోకాలెత్తు గడ్డి. బండి ఆగిపోయింది. వెనక్కి వచ్చింది, ఎడమకి తిరిగింది, అక్కడా గడ్డే, మళ్ళీ ఆగింది. అలా పావుగంట. బాబాయి చుట్ట కాలుస్తూ చూసి చూసి, "ఏటమ్మలూ, మా దూడ నయం గదేటి, గడ్డి సూత్తే ముందుకెల్తాది, నీ బండి గడ్డి సూసి బయపడిపోతంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ ఏం అంటాను, నిజమే కదా.

ఎందుకు ఆగిందో చెప్తాను, ఇది అర్థమైతే ఇలాంటి ఏ కిట్ కొనాలన్నా మీకు పనికొస్తుంది. రెండు కళ్ళ కెమెరాకి ప్రతి పిక్సెల్ దగ్గరా దూరం ఎంతో తెలుస్తుంది. దాన్నుంచి బండి తన ముందున్న నేలని గళ్ళ నోటుపుస్తకంలా గీసుకుంటుంది, మా దాంట్లో ఒక్కో గడి 5 సెంటీమీటర్లు, ప్రతి గడిలోనూ అక్కడి ఎత్తు రాసుకుంటుంది. పక్కపక్క గళ్ళ మధ్య ఎత్తు తేడా ఎక్కువైతే అది గోడ, నిదానంగా పెరిగితే వాలు. అంతే దానికి తెలిసింది. గడ్డి 50 సెంటీమీటర్లు ఉంది, గోడా 50 సెంటీమీటర్లు ఉంది, రెండూ ఒకటే దానికి. లక్షలు పోసి లేజరుతో దూరం కొలిచే లైడార్ పెట్టుకున్నా ఇదే కథ, లేజరు వెళ్ళి గడ్డిపోచకే తగుల్తుంది కదా, తగిలిన చోట ఏదో ఉందని చెప్తుంది తప్ప తోస్తే వంగుతుందా వంగదా చెప్పదు. ఆకారం తెలియడం వేరు, ఆ ఆకారం దేంతో చేసిందో తెలియడం వేరు. నేను ఈ మూడు నెలల్లో 68 వేలు పెట్టి నేర్చుకుంది ఇదొక్కటే అనుకోండి.

కంపెనీ వాళ్ళకి ఇది తెలియక కాదు. అందుకే రెండో బుర్ర ఒకటి ఇచ్చారు, మెనూలో టెర్రైన్ ఏఐ అని ఉంటుంది, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఎందుకు ఆఫ్‌లో ఉంచారో తర్వాత అర్థమైంది. అది కలర్ బొమ్మ చూసి ప్రతి పిక్సెల్‌కీ పేరు పెడుతుంది: ఇది గడ్డి, ఇది చెట్టు, ఇది బురద, ఇది రోడ్డు. ఇలాంటి మోడళ్ళకి పాఠం చెప్పడానికి మనుషులు కూర్చుని రంగులేసిన బొమ్మలు కావాలి, అడవి దారులకి అలాంటివి చాలా తక్కువ. అమెరికాలో తీసిన ఆర్‌యూజీడీ అని ఒకటి, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళ క్యాంపస్‌లో తీసిన రెల్లిస్-3డి అని ఒకటి, ఈ రెండోదాంట్లో 20 రకాల పేర్లు పెట్టిన బొమ్మలు 6,235. సిటీ రోడ్ల డేటాతో పోలిస్తే ఇది చిటికెడు. మా మాన్యువల్‌లో కూడా ఈ రెండు పేర్లే ఉన్నాయి. ఆ డేటా మంచిదే, తప్పు దానిది కాదు, టెక్సాస్ గడ్డి మీద చదువుకున్నదాన్ని తీసుకొచ్చి జీడితోటలో పరీక్ష పెడితే అది మాత్రం ఏం రాస్తుంది.

ఆన్ చేశాక పచ్చగడ్డిని గడ్డి అనే అంది, తోసుకుంటూ వెళ్ళిపోయింది, బాబాయి కూడా చుట్ట తీసి మెచ్చుకున్నాడు. ఇదేదో బాగుందే అని ఆ ఆదివారం పొద్దున్నే మంగమారిపేట దగ్గర బీచ్‌కి తీసుకెళ్ళాం. రుషికొండలో జనం ఎక్కువ, మనం రోబో దింపితే సెల్ఫీలతోనే సరిపోతుంది.

బీచ్‌లో ఏం జరిగిందంటే, వైజాగ్‌లో పుట్టిన ఏ పిల్లోడికైనా తెలిసిన విషయం దానికి తెలీదు. కెరటం వచ్చి వెళ్ళిన చోట తడిసిన నల్ల ఇసక గట్టిగా ఉంటుంది, సైకిలు తొక్కొచ్చు, బైకులు పోతాయి, క్రికెట్ ఆడతాం. పైన పొడిగా తెల్లగా మెత్తగా కనిపించే ఇసకలో కాలు పెడితే చీలమండ దాకా దిగుతుంది. మోడల్ దీన్ని సరిగ్గా తిరగేసి చెప్పింది! తడి ఇసకని బురద అంది, వద్దు అంది. పొడి ఇసకని రోడ్డు లాంటిది అని ఆకుపచ్చ రంగేసి చూపించి నేరుగా దాంట్లోకి తీసుకెళ్ళింది. రెండు మీటర్లు కూడా పోలేదు, నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి, బండి ఉన్నచోటే గొయ్యి తవ్వుకుని కూర్చుంది, పీతలా. ఫోన్‌లో యాప్ మాత్రం "1.8 మీటర్లు ముందుకెళ్ళాను, 2.4 మీటర్లు ముందుకెళ్ళాను" అని లెక్క చెప్తూనే ఉంది, ఎందుకంటే అది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం చెప్తోంది.

ఇక్కడ కంపెనీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. కెమెరా ఉంది కదా, కెమెరాలో కనిపించే రాళ్ళూ రప్పలూ ఒక బొమ్మనుంచి ఇంకో బొమ్మకి ఎంత జరిగాయో చూస్తే బండి నిజంగా కదిలిందో లేదో తెలిసిపోతుంది. అంగారకుడి మీద స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు ఇరవై ఏళ్ళ కిందటే ఈ పని చేశాయి, ఇసకలో చక్రాలు ఎంత జారుతున్నాయో అలాగే కనిపెట్టేవి. చక్రం చెప్పిన దూరం, కన్ను చెప్పిన దూరం, ఈ రెండిటి తేడానే జారుడు. ఈ కిట్‌లో రెండు లెక్కలూ వేస్తున్నారు, సెట్టింగుల్లో వెతికితే రెండూ ఉన్నాయి, కానీ పోల్చట్లేదు! తమ్ముడు ఒక్క సాయంత్రంలో పోల్చే కోడ్ రాశాడు, జారుడు సగం దాటితే మోటార్లు ఆపెయ్, అంతే. అప్పట్నుంచి బీచ్‌లో పాతుకుపోలేదు, కనీసం పాతుకుపోయే ముందు ఆగుతోంది.

కెమెరా దగ్గరికొద్దాం, మెచ్చుకోవాల్సింది అదే. రెండు లెన్సుల మధ్య దూరం 5 సెంటీమీటర్లు. మన రెండు కళ్ళ మధ్య 6 పైచిలుకు ఉంటుంది, దాదాపు అంతే అనుకోండి. ఒకే రాయి ఎడమ బొమ్మలో ఒక చోట, కుడి బొమ్మలో కొంచెం పక్కకి కనిపిస్తుంది, ఆ పక్కకి జరగడాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది. దగ్గరి వస్తువు ఎక్కువ జరుగుతుంది, దూరంది తక్కువ. మా దాంట్లో 640 పిక్సెళ్ళ వెడల్పు పెట్టి చూస్తే 1 మీటరు దూరంలో ఉన్న రాయి సుమారు 23 పిక్సెళ్ళు జరుగుతుంది, 5 మీటర్ల దూరంలో ఉన్నది నాలుగున్నర. కెమెరా పావు పిక్సెల్ తప్పు చేసిందనుకోండి, 1 మీటరు దగ్గర అది ఒక సెంటీమీటరు తప్పు, 2 మీటర్ల దగ్గర నాలుగున్నర, 5 మీటర్ల దగ్గర 27 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు. ఇది ఏ కంపెనీ కెమెరాకైనా తప్పని లెక్క, లెన్సుల మధ్య ఎడం పెంచితేనో పిక్సెళ్ళు పెంచితేనో తగ్గుతుంది అంతే. డబ్బా మీద 10 మీటర్ల దాకా చూస్తుంది అని రాశారు, చూస్తుంది, అబద్ధం కాదు, కానీ 10 మీటర్ల దగ్గర తప్పే మీటరు దాటిపోతుంది, దాంతో రాయేదో మట్టిగడ్డేదో ఏం తేల్తుంది. మా పనికి 3 మీటర్ల లోపల చెప్పిందే నమ్ముతున్నాం, అంతవరకు భలే ఉంది.

మధ్యాహ్నం ఎండలో కెమెరా పనిచేయదేమో అని కొనే ముందు భయపడ్డాను. ఇందులో చీకట్లో గోడల మీద చుక్కలు చల్లే ఇన్‌ఫ్రారెడ్ లైటు ఒకటుంది, మన ఎండకి ఆ చుక్కలు కనపడవు, నిజమే, కానీ బయట నేలకి చుక్కలు అక్కర్లేదు, మట్టి గరుకు, ఆకులు, రాళ్ళు ఇవే గుర్తులు, వాటితోనే సరిపెట్టుకుంటుంది. ఎండ కంటే సాయంత్రం నీడలు పెద్ద గొడవ. నాలుగు దాటాక తాటిచెట్ల నీడలు నేల మీద నల్లటి చారల్లా పడతాయి కదా, టెర్రైన్ ఏఐ ప్రతి చారనీ ఏదో ఒకటి అనుకుంటుంది, ఒకసారి నీళ్ళు, ఒకసారి దుంగ. డెప్త్ మాత్రం నేల చదునే అని చెప్తూ ఉంటుంది. పొద్దున్న బీచ్‌లో తూర్పుకి తిప్పితే సముద్రం మీద సూర్యుడు నేరుగా లెన్సులోకి కొట్టి బొమ్మంతా తెల్లబడిపోతుంది, పడమటికి తిప్పుకుని నడపడమే. ఉప్పుగాలికి లెన్సు మీద పొర కట్టేస్తుంది, పావుగంటకోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇది కంపెనీ తప్పు కాదు, సముద్రం తప్పు.

గోతులు. దీని గురించి ఎవరూ రాయరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. లేచి ఉన్న రాయి దూరం నుంచే కనిపిస్తుంది, గొయ్యి కనపడదు, ఎందుకంటే గొయ్యి అంటే అక్కడ ఏమీ లేకపోవడం కదా. బండి కెమెరా నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. తోటలో నీళ్ళు పోవడానికి తవ్విన కాలవ వెడల్పు 40 సెంటీమీటర్లు. 3 మీటర్ల దూరం నుంచి ఆ ఎత్తులో కూర్చుని చూస్తే ఇవతలి గట్టు అడ్డమొచ్చి అవతలి గోడలో పైన 4 సెంటీమీటర్లే కనిపిస్తుంది, బొమ్మలో అది ఐదు పిక్సెళ్ళ గీత. అడుగు ఎంత లోతో అసలు కనపడదు. నేనూ తమ్ముడూ నేల మీద బోర్లా పడుకుని చూశాం, నిజంగానే మాకూ కనపడలేదు, బాబాయి పనివాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో. మీటరు దగ్గరికొచ్చేసరికి అదే గోడ 39 పిక్సెళ్ళు అవుతుంది, అప్పుడు తెలుస్తుంది, కానీ అప్పటికి బండి స్పీడులో ఉంటే ముక్కు కాలవలో ఉంటుంది. పరిష్కారం చాలా మోటుది, ఒక పైపు పెట్టి కెమెరాని 70 సెంటీమీటర్లకి లేపాం, 3 మీటర్ల నుంచి కనిపించేది రెట్టింపు పైనే అయింది. ఊగుతుంది కొంచెం, ఫర్వాలేదు. ఇంకొకటి, తమ్ముడు పెట్టిన రూలు: నేల కనపడకుండా ఖాళీగా ఉన్న గడిని చదును అనుకోకు, గొయ్యి అనుకో. కంపెనీ కోడ్‌లో ఖాళీ గళ్ళని చుట్టుపక్కల ఎత్తుతో నింపేస్తున్నారు, కాలవ మీద లేని వంతెన వేసేస్తున్నారన్నమాట.

గోతులంటే చంద్రయాన్-3 గుర్తొస్తుంది. 2023 ఆగస్టు 27న ప్రజ్ఞాన్ రోవర్‌కి ముందు 3 మీటర్ల దూరంలో 4 మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైతే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళమని ఇస్రో వాళ్ళు కమాండ్ ఇచ్చారు. 26 కిలోల బండి, ఆరు చక్రాలు, ముందు రెండు నావిగేషన్ కెమెరాలు, అవీ మన కిట్‌లో లాంటి రెండు కళ్ళ పద్ధతే, ఆ బొమ్మలు కిందకి పంపితే ఇక్కడ నేల ఎత్తుపల్లాల పటం తయారుచేసుకుని మనుషులు దారి చెప్పేవాళ్ళు. వాళ్ళు అంత జాగ్రత్తపడితే మనవాళ్ళు డబ్బా మీద ఆల్ టెర్రైన్ అని రాసేశారు.

వాన పడ్డాక గుంటల్లో నీళ్ళు నిలిచాయి, అప్పుడింకో వింత. నిశ్చలంగా ఉన్న నీళ్ళలో ఆకాశం, చెట్లు కనిపిస్తాయి కదా, రెండు కళ్ళ లెక్క ఆ చెట్టు దూరాన్ని కొలిచి, అది నేలకి ఎన్నో మీటర్ల కిందుంది అని చెప్తుంది. అంటే వేలు లోతు నీళ్ళు కూడా దానికి పాతాళం. ఒకరకంగా మంచిదే, నీళ్ళ జోలికి పోదు. కానీ గాలికి నీళ్ళు కదిలాయా, లేదా ఎర్రటి బురదనీరా, అప్పుడు అదే గుంటని చదునైన నేల అనేస్తుంది, ఆ రోజు బండి గెడ్డ పక్క గుంటలో ఇరుసు దాకా దిగింది, నేను ప్యాంటు మడిచి దిగాల్సి వచ్చింది. లెన్సుల ముందు పోలరాయిడ్ ఫిల్టర్లు పెట్టి చూశాం, రెండిటికీ ఒకే కోణంలో పెట్టాలి, దగ్గర నీళ్ళ మీద మెరుపు తగ్గి అడుగు కొంచెం కనపడింది, దూరంగా ఉన్నదానికి పెద్ద తేడా లేదు.

ఎర్రమట్టి అయితే మరీ చిత్రం. ఎండినప్పుడు సిమెంటు రోడ్డు, తడిస్తే సబ్బు, రంగు మాత్రం కొంచెం ముదురవుతుంది అంతే. మనకి కాలు జారాక గానీ తెలీదు, దానికి మాత్రం ఎలా తెలుస్తుంది. మధ్యలో ఒక మాట, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద తిప్పారా అని ఒకళ్ళు అడిగారు. లేదండి, అది కాపాడుకోవాల్సిన చోటు, చక్రాలు వేసి గీతలు పెట్టే చోటు కాదు. బాబాయి తోట బాట కూడా ఎర్రమట్టే, అది చాలు.

ఇంత చెప్పాక కూడా మిగిలిన ఒక సమస్యకి నా దగ్గరా కెమెరా దగ్గరా జవాబు లేదు. జీడిచెట్ల కింద ఎండాకులు పరుచుకుని ఉంటాయి, చాప వేసినట్టు. దాని కింద చెట్టు పాదు ఉంది. డెప్త్ చదును అంది, టెర్రైన్ ఏఐ ఆకులు, పర్లేదు పో అంది, ఇద్దరూ ఒకే మాట మీదున్నారు, బండి ముందు చక్రాలు రెండూ పాదులో పడి బోర్లా తిరిగింది. పైన కనిపించేదే చూస్తుంది కన్ను, కింద ఏముందో దానికేం తెలుసు. స్పిరిట్ రోవర్ కథ కూడా ఇదే, 2009 మేలో ట్రాయ్ అని పేరు పెట్టిన చోట పైన గట్టి పెచ్చులా ఉన్న మట్టి విరిగి కింద మెత్తటి దాంట్లో కూరుకుపోయింది, నెలల తరబడి ప్రయత్నించినా బయటికి తీయలేకపోయారు, 2010 మార్చి తర్వాత దాన్నుంచి కబురే లేదు. బాబాయి ఏం చేస్తాడో గమనించాను, ఆకులున్న చోట అడుగేసే ముందు కర్రతో ఒకసారి పొడుస్తాడు, చూడకుండానే, మాట్లాడుకుంటూనే. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళ నాలుగు కాళ్ళ రోబో ఎనీమల్ కూడా అలాంటిదే చేస్తుంది, కన్ను చెప్పిన ఎత్తునీ కాలికి తగిలినదాన్నీ కలిపి చూసుకుని, కన్ను అబద్ధం చెప్తోందనిపిస్తే కాలిని నమ్ముతుంది. 2022లో రాసిన పేపర్లో అది ఎట్జెల్ అనే కొండని ఒక్కసారి కూడా పడకుండా 31 నిమిషాల్లో ఎక్కిందని ఉంది, మనుషులకి బోర్డు మీద రాసిన టైము కంటే 4 నిమిషాలు ముందే. మాది చక్రాల బండి, కాలితో తడిమి చూసే అవకాశం లేదు. మెల్లగా పోవడమే, ఆకుల మీద స్పీడు మూడో వంతుకి తగ్గించేశాం.

సరే, ఇప్పుడు ఈ కిట్‌ని పనికొచ్చేలా ఎలా చేశామో. ఐడియా మాది కాదు, పాతదే. 2004లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా వాళ్ళు మొజావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్ల పందెం పెడితే ఒక్కటీ చివరిదాకా పోలేదు, అన్నిటికంటే ముందు పోయింది కూడా 12 కిలోమీటర్ల లోపే ఆగిపోయింది. మరుసటి ఏడు 2005లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ స్టాన్లీ అనే కారు 212 కిలోమీటర్లు ఏడు గంటల లోపే పూర్తిచేసి 20 లక్షల డాలర్లు కొట్టింది. అందులో ఒక కిటుకు నాకు భలే నచ్చింది. లేజర్లు పాతిక మీటర్ల లోపలే సరిగ్గా చూస్తాయి, కెమెరా దూరం చూస్తుంది కానీ ఏది దారో దానికి తెలీదు. అందుకని లేజర్లు దగ్గర్లో ఇది మంచి నేల అని చెప్పిన చోట రంగు ఎలా ఉందో కెమెరా నేర్చుకుని, దూరంగా అదే రంగు ఎక్కడుంటే అదే దారి అనుకుంటుంది. నేల మారితే పాఠం కూడా పరుగులోనే మారుతుంది. ఎవరూ కూర్చుని రంగులెయ్యక్కర్లేదు.

మేమూ అదే వరస. 2023లో ఈటీహెచ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు చేసిన వైల్డ్ విజువల్ నావిగేషన్ అనే పని ఉంది, కోడ్ కూడా బయటే పెట్టారు, మనిషి రిమోట్‌తో ఐదు నిమిషాల లోపు నడిపి చూపిస్తే చాలు, రోబో ఏ నేల మీద నడవొచ్చో అక్కడికక్కడే నేర్చుకుంటుంది. తమ్ముడు దాన్ని చక్రాల బండికి తగ్గట్టు మార్చాడు. నేను రిమోట్ పట్టుకుని తోటంతా నడిపాను, గడ్డిలో, బాట మీద, ఆకుల్లో. చక్రం దాటిన ప్రతి చోటూ కొన్ని సెకన్ల ముందు బొమ్మలో ఎక్కడ కనిపించిందో వెనక్కి వెళ్ళి గుర్తుపెడుతుంది. ఆ చోట ఐఎంయూ ఎంత కుదిపింది, మోటారు ఎంత కరెంటు తాగింది, చక్రం ఎంత జారింది, ఈ మూడూ కలిపి ఆ పిక్సెళ్ళకి మార్కులు. కరెంటు సంగతి నా ఇలాకా కాబట్టి అది నేనే చూశాను, పొడి ఇసకలో మోటారు కరెంటు బాట మీదకంటే దాదాపు మూడింతలు లాగుతుంది, అంతకంటే మంచి మాస్టారు ఎవరుంటారు. రంగు ఒక్కటే అయితే నీడ పడగానే మోసపోతుంది, అందుకని డైనో అని ముందే బోలెడు బొమ్మలు చూసి నేర్చుకున్న మోడల్ ఇచ్చే గుర్తులు వాడాలి, అదీ కిట్‌లో ఉన్న బోర్డు మీదే నడుస్తోంది, కొంచెం వేడెక్కుతుంది.

అనుకోకుండా దొరికిన ఇంకో లాభం చెప్తాను. డెప్త్ కెమెరా రెండు కళ్ళకీ ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తుంది. పచ్చి ఆకు ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా తిప్పికొడుతుంది, అందుకే ఆ బొమ్మల్లో గడ్డి తెల్లగా, పిండి చల్లినట్టు ఉంటుంది, రాయి బూడిదరంగులోనే ఉంటుంది. కలర్ కెమెరాలోని ఎరుపునీ దీన్నీ పోలిస్తే ఇది ప్రాణమున్న మొక్క అని తేలిపోతుంది, పొలాల్ని చూసే శాటిలైట్లు చేసేదీ ఇదే లెక్క. గడ్డిలో దాక్కున్న రాయి కొస కొంచెం బయటికి ఉంటే ఇప్పుడు పట్టుకుంటోంది. పూర్తిగా దాక్కుంటే పట్టుకోదు. ఎండుగడ్డికీ ఇది పనిచేయదు.

రిజల్టు ఏంటంటే, రెండు సాయంత్రాలు నేర్పాక మంగమారిపేట ఇసకలో అది తనంతట తానే తడి ఇసక మీదకి జరిగి కెరటాల పక్కన నడిచింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. తోటలో గేటు నుంచి బోరు దాకా సుమారు 200 మీటర్లు పదిసార్లు పంపితే ఎనిమిదిసార్లు చెయ్యి పెట్టకుండా వచ్చింది, రెండుసార్లు ఆకుల్లో చెయ్యి పెట్టాల్సి వచ్చింది. ఒక జాగ్రత్త, నేను నడిపిన నేలే దానికి మంచి నేల, నడపనిది ఏదైనా దానికి అనుమానమే. ముళ్ళకంచె మీద నడపలేదు కాబట్టి కంచె అంటే భయం, బాగుంది. సిమెంటు గట్టు మీద నడపలేదు కాబట్టి గట్టన్నా భయమే, ఒక్కసారి నడిపి చూపించాల్సి వచ్చింది. మళ్ళీ వాన పడిన రోజు నిన్నటి మార్కులు చెల్లవు, ఎర్రమట్టి మీద మళ్ళీ పది నిమిషాలు తిప్పాలి.

సర్వీసు గురించి ఎక్కువ చెప్పను. బోర్లా పడినప్పుడు ముందు కుడి మోటారు గేరు పళ్ళు పోయాయి, వాళ్ళ సర్వీసు సెంటరు వేరే రాష్ట్రంలో, పార్టు రావడానికి ఐదు వారాలు. చాట్‌లో మాట్లాడినాయన మర్యాదగానే ఉన్నాడు కానీ ప్రతిదానికీ "చదునైన నేల మీద పరీక్షించండి మేడమ్" అంటాడు. ఆల్ టెర్రైన్ బండిని!

ఎవరు కొనొచ్చు? పైథాన్ కోడింగ్ వచ్చినవాళ్ళు, ఇంట్లో తమ్ముడున్నవాళ్ళు. కాలేజీ ప్రాజెక్టుకి బాగుంటుంది, కెమెరా ఒక్కటే విడిగా కొన్నా ఇందులో సగం పైన ధర పడుతుంది కాబట్టి డబ్బు దండగ కాదు. డబ్బా విప్పి పొలంలో వదిలేద్దాం అనుకునేవాళ్ళు కొనకండి. కొన్నాక మొదటిరోజే టెర్రైన్ ఏఐ ఆఫ్‌లోనే ఉంచి, ఖాళీ గళ్ళు నింపే సెట్టింగు తీసేసి, కెమెరాని పైకి లేపండి. మేము వాడింది ముప్పావు అంగుళం అల్యూమినియం పైపు, పూర్ణా మార్కెట్‌లో దొరికింది, రెండు క్లాంపులతో కలిపి 300 లోపే, ఇనప పైపు మాత్రం వద్దు, బండి ముందుకి తూలుతుంది.